తెలియదు అనే మాటకు రెండర్థాలు

ఒక మనిషి ఇంకో మనిషిని గొడ్డలితో కొట్టాడు. కొట్టడం నిజం, చూసినవాళ్లు ఉన్నారు. అయినా అది నేరమా కాదా అని తేల్చే ముందు చట్టం ఇంకో ప్రశ్న అడుగుతుంది. కొట్టేటప్పుడు అతని మనసు ఏ స్థితిలో ఉంది? చెయ్యి చేసిన పని ఒక్కటే నేరం కాదు. ఆ చేతి వెనక, తెలిసి చేసిన మనసు కూడా ఉండాలి. మతి తప్పినవాడిని శిక్షించకూడదన్న నియమం ఈ ఆలోచన నుంచే పుట్టింది.

ఈ నియమం మంచిదే. దాన్ని తీసెయ్యాలని నేను అనడం లేదు. నా ప్రశ్న వేరు. ఈ నియమం రాసినవాళ్లు ఎలాంటి మనిషిని మనసులో పెట్టుకుని రాశారు? మన గూడెం మనిషి బోనులో నిలబడినప్పుడు అది అతనికి ఎలా పనిచేస్తుంది? ఉపాధ్యాయులం కాబట్టి బడిలో చేసే పనే ఇక్కడా చేద్దాం. వాక్యాన్ని విడదీసి చదువుదాం.

వాక్యం ఏమంటుంది

భారత శిక్షాస్మృతి 1860లో తయారైంది. అందులో ఇది 84వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక 22వ సెక్షన్ అయింది. నంబరు మారింది గాని మాట మారలేదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన మొదటి బిల్లులో ‘మతిస్థిమితం లేకపోవడం’ అన్న చోట ‘మానసిక అనారోగ్యం’ అని పెట్టారు. ఆ మాట పరిధి మరీ పెద్దదని అభ్యంతరం వచ్చింది. డిసెంబరులో వచ్చిన రెండో బిల్లులో పాత మాటే మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆ సెక్షన్ భావం ఇది: ఒక పని చేసే సమయంలో, మతిస్థిమితం లేకపోవడం వల్ల, తాను చేస్తున్న పని ఎలాంటిదో తెలుసుకోలేని వ్యక్తి, లేదా అది తప్పని గాని చట్టానికి విరుద్ధమని గాని తెలుసుకోలేని వ్యక్తి చేసిన పని నేరం కాదు.

ఇందులో మూడు ముక్కలున్నాయి. మొదటిది, ‘చేసే సమయంలో’. నిన్న బాగున్నాడా, రేపు బాగవుతాడా అన్నది కాదు, ఆ ఘడియలో ఎలా ఉన్నాడన్నదే లెక్క. రెండోది, ‘మతిస్థిమితం లేకపోవడం వల్ల’. కోపం వల్ల, తాగుడు వల్ల, మూర్ఖత్వం వల్ల అంటే కుదరదు. ఈ మతిస్థిమితం అంటే ఏమిటో చట్టం ఎక్కడా నిర్వచించలేదు. మూడోది, ‘తెలుసుకోలేని’. బరువంతా ఈ మాట మీదే ఉంది. జబ్బు ఉన్నంత మాత్రాన చాలదు. ఆ జబ్బు మనిషికి తెలివిడి లేకుండా చేసిందని చూపించాలి. వైద్యుడు చెప్పే పిచ్చి వేరు, చట్టం ఒప్పుకునే పిచ్చి వేరు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఆ మాట చెప్పిన తీర్పుల్లో లా కాలేజీల్లో తరచుగా చదివేది ఒకటుంది. అది 2008 నాటి హరిసింగ్ గోండ్ కేసు. అందులో ముద్దాయి వాదన నెగ్గలేదు.

రుజువు చేసే భారం ముద్దాయిదే. ప్రతి మనిషీ మతి సరిగా ఉన్నవాడే అని కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చెప్పుకునేవాడు చూపించుకోవాలి. అయితే ఈ భారం మరీ కొండంత కాదని 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. పోలీసులు నేరాన్ని రుజువు చేసినంత గట్టిగా ముద్దాయి తన పిచ్చిని రుజువు చెయ్యక్కర్లేదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. అంత కూడా చూపలేకపోయినా, తెలిసే చేశాడా అన్న విషయంలో జడ్జికి న్యాయమైన అనుమానం మిగిలితే ఆ లాభం ముద్దాయికే. కాగితం మీద ఇది ఉదారమైన సూత్రం.

ఈ వాక్యం ఎక్కడ పుట్టింది

1843 జనవరిలో లండన్ వీధిలో డేనియల్ మెక్‌నాటెన్ అనే మనిషి ఒక అధికారిని తుపాకితో కాల్చాడు. చనిపోయిన ఎడ్వర్డ్ డ్రమ్మండ్ ప్రధానమంత్రి రాబర్ట్ పీల్‌కు ఆంతరంగిక కార్యదర్శి. అధికారంలో ఉన్న టోరీ పార్టీవాళ్లు తనను ఊరూరా వెంటాడి వేధిస్తున్నారని మెక్‌నాటెన్ గట్టిగా నమ్మాడు. అతను గ్లాస్గోలో కొయ్యపని చేసి డబ్బు కూడబెట్టుకున్నవాడు. పట్టుబడ్డప్పుడు జేబులో 750 పౌండ్ల బ్యాంకు రసీదు ఉంది. అతని తరఫున పేరున్న న్యాయవాదులు వాదించారు. వైద్యులు వరసగా వచ్చి సాక్ష్యం చెప్పారు. జ్యూరీ అతన్ని నిర్దోషి అంది.

దేశంలో గోల లేచింది. విక్టోరియా రాణికి కూడా ఆ తీర్పు నచ్చలేదు. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి ప్రశ్నలడిగింది. వాళ్లిచ్చిన జవాబులే మెక్‌నాటెన్ నియమాలు. మన 84వ సెక్షన్ ఆ జవాబుల నీడలో రాసిందే.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పిచ్చి అని చెప్పి తప్పించుకోవచ్చని సినిమాలు చూసి చాలామంది అనుకుంటారు. మెక్‌నాటెన్ తప్పించుకోలేదు. శిక్ష పడలేదు గాని, 1865లో చనిపోయేదాకా 22 ఏళ్లు పిచ్చాసుపత్రుల గోడల మధ్యే ఉన్నాడు. ఇది మొదటి సంగతి. ఇక రెండోది: అతని పిచ్చిని కోర్టు వినగలిగింది. డబ్బుంది, లాయర్లున్నారు, వైద్యులున్నారు, కోర్టు మాట్లాడే భాషే అతని భాష. ఇవన్నీ ఉన్న మనిషి కేసు నుంచి పుట్టిన నియమం, ఇవేవీ లేని మనిషి దగ్గరకు వచ్చేసరికి ఏమవుతుందో చూడాలి.

ఒకే చేత్తో రాసిన రెండు చట్టాలు

శిక్షాస్మృతిలో ఈ సెక్షన్‌కు ఇరుగుపొరుగు ఎవరో చూడండి. ముందు ఏడేళ్లలోపు పసిపిల్లలు. తర్వాత ఏడు నుంచి పన్నెండేళ్లలోపు, ఇంకా బుద్ధి పక్వం కాని పిల్లలు. ఆ తర్వాత మతిస్థిమితం లేనివాడు. ఆ వెనకే, తనకు తెలియకుండానో బలవంతంగానో మత్తు పట్టించినవాడు. వీళ్లందరినీ కలిపేది ‘తెలియదు’ అన్న మాటే. తనంతట తాను తాగినవాడికి ఈ రక్షణ లేదు. పండగ నాడు ఇప్పసారా తాగి చేసినా, మద్యం దుకాణంలో కొని తాగి చేసినా ఒకటే. మత్తులో ఉన్నానన్న వాదన నిలవదు. మన యువకులు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

మనసు తెలియకపోతే నేరం లేదని 1860లో రాసిన పాలకులే, 11 ఏళ్ల తర్వాత 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. అందులో మనసు ప్రశ్నే లేదు. ఫలానా కులంలోనో తెగలోనో పుట్టడమే నేరం. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురంలో సెటిల్‌మెంటు కట్టి అందులో ఉంచారు. 1952లో ఆ చట్టం రద్దయింది. రద్దయ్యాక కూడా ఆ ఊరి పేరు చెప్పగానే జనం చూపు మారడం మనకు తెలుసు. అంటే ఒకే పాలన కొందరి విషయంలో మనసు లోపలికి తొంగి చూసి జాలిపడింది. ఇంకొందరి విషయంలో పుట్టుక చూసి తీర్పు చెప్పేసింది. 84వ సెక్షన్‌ను గొప్ప మానవీయతగా పొగిడే పుస్తకాలు ఈ రెండో పేజీ తిప్పవు.

కాగితం లేని జబ్బు

ఇప్పుడు కోర్టులు ఈ సెక్షన్‌ను ఒప్పుకున్న కేసు ఒకటి చూద్దాం. శ్రీకాంత్ భోసలే మహారాష్ట్రలో పోలీసు కానిస్టేబులు. రుబ్బురాయితో భార్య తల మీద మోది చంపాడు. 2002లో సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషి అంది. ఎందుకంటే సంఘటనకు ముందే అతనికి మానసిక వైద్యం జరిగినట్టు ఆధారాలున్నాయి. తర్వాత కూడా 1994 జూన్ 27 నుంచి డిసెంబరు 5 వరకు 25 సార్లు చికిత్స కోసం తీసుకెళ్లినట్టు రికార్డు ఉంది. పట్టపగలు చంపి, దాక్కోలేదు, పారిపోలేదు. ముందు, అప్పుడు, తర్వాత అని మూడు కాలాల సాక్ష్యం కలిసి ‘ఆ ఘడియ’ను నిలబెట్టింది.

తీర్పు సరైనదే. కాని ఆ స్థానంలో పోడు చేసుకునే మనిషిని నిలబెట్టి చూడండి. అతనికి అదే జబ్బు ఉందనుకుందాం. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని రాత్రుళ్లు లేచి కూర్చుంటాడు. తనలో తాను మాట్లాడుకుంటాడు. అన్నం మానేస్తాడు. ఇంట్లోవాళ్లు మొదట వడ్డె దగ్గరకు తీసుకెళ్తారు. కోడిని కోస్తారు, తాయెత్తు కడతారు. తర్వాత పీహెచ్‌సీకి తీసుకెళ్తే నిద్రమాత్రలిచ్చి పంపుతారు. పెద్దాసుపత్రి అంటే విశాఖపట్నమో హైదరాబాదు ఎర్రగడ్డో పోవాలి. బస్సు చార్జీలు, తోడు మనిషి, పోయిన కూలి లెక్కేసుకుని ఆగిపోతారు. పైగా ఎర్రగడ్డ పేరు మన భాషలో ఆసుపత్రి పేరుగా కాకుండా తిట్టుగా మిగిలిపోయింది. అక్కడికి వెళ్లొచ్చాడంటే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయం. ఇలా ఏళ్లు గడుస్తాయి. గూడెం మొత్తానికి అతని జబ్బు తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు.

ఒకరోజు అతని చేతిలో ఘోరం జరుగుతుంది. పోలీసులు గొడ్డలి స్వాధీనం చేసుకుంటారు, పంచనామా రాస్తారు, వాంగ్మూలాలు తీసుకుంటారు. జబ్బు సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గూడెంవాళ్లకు అది చెప్పాల్సిన విషయమని తెలియదు. కోర్టు నియమించిన లాయరుకు అతని భాష రాదు. అతను ముభావంగా నిలబడితే మొండివాడనుకుంటారు. ‘నువ్వే చేశావా?’ అని తెలుగులో అడిగితే ‘ఆఁ’ అంటాడు. అక్కడితో సరి. ఇక్కడ 22వ సెక్షన్ ఓడిపోలేదు. అసలు దాని పేరే ఎవరూ ఎత్తలేదు.

చట్టం దీనికి దారి చూపలేదని కాదు. ముద్దాయికి గతంలో మతి తప్పిన చరిత్ర ఉందని బయటపడితే, వెంటనే వైద్యపరీక్ష చేయించి ఆ ఫలితం కోర్టు ముందు పెట్టడం దర్యాప్తు అధికారి బాధ్యత అని సుప్రీంకోర్టు 2007లో బాపూ అలియాస్ గుజ్‌రాజ్ సింగ్ కేసులో చెప్పింది. అలా చెయ్యకపోతే అది ప్రాసిక్యూషన్ కేసులో పెద్ద లోపమవుతుందని కూడా చెప్పింది. కాని చరిత్ర బయటపడాలంటే బయటపెట్టే నోరు ఒకటి ఉండాలి గదా.

54 ఏళ్లు

మతి గురించి చట్టం రెండు వేర్వేరు సమయాల్లో అడుగుతుంది. పని చేసిన నాడు మతి ఎలా ఉందన్నది ఒకటి. దీని మీదే శిక్షా మినహాయింపు. విచారణ నాడు మతి ఎలా ఉందన్నది రెండోది. తన కేసు తనకు అర్థం కాని స్థితిలో ఉన్న మనిషిని విచారించకూడదు. బాగయ్యేదాకా వైద్యానికి పంపి, బాగయ్యాక విచారణ మొదలుపెట్టాలి. ఈ రెండో నియమం ఒక ఆదివాసిని ఏం చేసిందో అస్సాంలో చూడొచ్చు.

మచాంగ్ లాలుంగ్ తివా తెగ మనిషి. ఇప్పటి మరిగావ్ జిల్లాలోని సిల్‌సాంగ్ అతని ఊరు. 1951లో తీవ్రంగా గాయపరిచాడన్న ఆరోపణ మీద 326వ సెక్షన్ కింద అరెస్టు చేశారు. అప్పటికి వయసు 23. మతి సరిగా లేదని తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. 1967లో అక్కడి వైద్యులు అతను బాగున్నాడని ధ్రువీకరించారు. అప్పుడు విచారణైనా జరగాలి, ఇంటికైనా పంపాలి. ఆ రెండూ జరగలేదు. గువాహటి జైలుకు మార్చారు. అక్కడే ఉండిపోయాడు. జాతీయ మానవ హక్కుల సంఘం కదిలాక 2005 జూలైలో ఒక్క రూపాయి పూచీకత్తు మీద బయటికొచ్చాడు. అప్పటికి వయసు 77. అరెస్టయి 54 ఏళ్లు. ఒక్కరోజు కూడా విచారణ జరగలేదు. సుప్రీంకోర్టు మూడు లక్షల రూపాయలు, నెలకు వెయ్యి చొప్పున ఇమ్మని అస్సాం ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2007లో అతను చనిపోయాడు.

నేరం రుజువై జైలుకు వెళ్లినా శిక్షాకాలం తీరి బయటికొచ్చే రోజు ఒకటుండేది. మతి పేరుతో చూపిన దయకు మాత్రం అలాంటి రోజేదీ రాయలేదు. మెక్‌నాటెన్‌కు కాపలా చికిత్సాలయమైనా అది విచారణ జరిగాక. మచాంగ్‌కు విచారణే లేదు. ఇద్దరి మధ్య తేడా జబ్బులో లేదు. వెనక నిలబడి అడిగే మనుషుల్లో ఉంది.

ఇలాంటివి మళ్లీ జరగకూడదని, గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీలను విడుదల చెయ్యాలని 2005 సవరణలో 436ఎ సెక్షన్ వచ్చింది. అది మరణశిక్ష పడే నేరాలను మాత్రమే మినహాయించింది. ఇప్పుడు దాని స్థానంలో నాగరిక్ సురక్షా సంహితలో 479 వచ్చింది. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొనేవాళ్లకు మూడో వంతు చాలన్నారు, బాగుంది. కాని యావజ్జీవం పడే అవకాశమున్న నేరాలను కూడా మినహాయించారు. మచాంగ్ మీద పెట్టిన సెక్షన్‌లో యావజ్జీవం మాట ఉంది. అంటే ఆ ఆరోపణతో ఇవాళ జైలుకెళ్లిన మనిషికి 479 అక్కరకు రాదు.

నిర్దోషి అన్నాక కూడా ఇదే చిక్కు. మతి కారణంగా కేసు కొట్టేసినా కోర్టు ఊరికే ఇంటికి పంపదు. పని అతనే చేశాడా లేదా అన్నది తీర్పులో రాయాలి. చేసి ఉంటే సురక్షిత నిర్బంధంలో ఉంచమనాలి, లేదా చూసుకుంటామని హామీ ఇచ్చిన బంధువుకో మిత్రుడికో అప్పగించాలి. హామీ ఇచ్చే బంధువుకు భూమి కాగితాలు కావాలి, కోర్టుకు తిరిగే ఓపిక కావాలి. పట్టా లేని పోడు భూమితో జామీను ఎంతమందికి దొరుకుతుంది?

అమాయకుడు అనే బిరుదు

ఇప్పటిదాకా చెప్పింది ‘తెలియదు’ అన్న మాటకు మొదటి అర్థం. జబ్బు వల్ల తెలియకపోవడం. రెండో అర్థం ఇంకోటి ఉంది. అది మనకు ఎక్కువ ప్రమాదం.

పత్రికల్లో, ఉపన్యాసాల్లో మన పేరు ముందు ఒక మాట అంటించి ఉంటుంది. ‘అమాయక గిరిజనులు’. అసలు అర్థంలో మాయ లేనివాడు. వాడుకలో మాత్రం ఏమీ తెలియనివాడు. మన తరఫున వాదించే మంచి మనుషులు కూడా ‘పాపం, వాళ్లకేం తెలుసు, అడవి మనుషులు’ అంటారు. జాలితో అన్నా, ఆ మాట మనల్ని శిక్షాస్మృతిలోని ఆ వరసలోకే, పసిపిల్లవాడికీ మతి తప్పినవాడికీ పక్కకే చేరుస్తుంది. మతి తప్పినవాడికి తెలియదు, ఆదివాసికీ తెలియదు, కాబట్టి ఇద్దరూ ఒకటే అన్నట్టు. జబ్బును జబ్బుగా చూడరు గాని, మన బతుకును జబ్బుగా చూస్తారు.

84వ సెక్షన్‌కు కొంచెం పైన 79వ సెక్షన్ ఉంది. ఇప్పుడది 17. వాస్తవాన్ని పొరపాటుగా అర్థం చేసుకుని, సద్భావంతో, తాను చేసేది న్యాయమేనని నమ్మి చేస్తే నేరం కాదంటుంది. ఇది మతి బాగున్నవాడికి ఉన్న ‘తెలియదు’. దీనికి లా పుస్తకాల్లో తప్పక చెప్పే ఉదాహరణ రామ్ బహదూర్ థాపా కేసు. 1958లో ఒడిశాలోని రస్‌గోవింద్‌పూర్ దగ్గర వదిలేసిన విమానాశ్రయం ఉండేది. అక్కడ విమానాల పాత సామాను కొనడానికి కలకత్తా నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. అతని వెంట నేపాలీ పనివాడు థాపా ఉన్నాడు. ఆ చోట దయ్యాలున్నాయని అక్కడి జనం నమ్మేవారు. అర్ధరాత్రి దూరంగా వెలుగు ఊగుతూ కనిపించింది. చుట్టూ ఆకారాలు ఆడుతున్నట్టు తోచింది. థాపా కుక్రీ తీసుకుని పరుగెత్తి నరికేశాడు. అవి దయ్యాలు కావు. లాంతరు పెట్టుకుని చెట్టు కింద ఇప్పపూలు ఏరుకుంటున్న మాఝీ ఆడవాళ్లు. ఒకామె చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. నిజంగానే దయ్యాలని నమ్మాడు కాబట్టి నేరం కాదని సెషన్స్ కోర్టు వదిలేసింది. ఒడిశా హైకోర్టు అదే నిలబెట్టింది. ఇంకొంచెం జాగ్రత్తగా చూసి ఉంటే ఇది తప్పేదన్న కారణంతో ఆ రక్షణ తీసెయ్యలేమంది.

చట్టం ప్రకారం ఆ తీర్పు తప్పని నేను అనలేను. అతను పగతో చంపలేదు. కాని ఒక ఆదివాసిగా ఆ కేసు చదివినప్పుడు నా కన్ను ఇంకోచోట ఆగుతుంది. ఇప్పపూలు రాలేది రాత్రి, తెల్లవారుజాము. పశువులు, జంతువులు తినేయకముందే ఏరుకోవాలి. మన ఆడవాళ్లు తరతరాలుగా చేసే పని. చీకట్లో లాంతరు, చెట్టు కింద వంగి కదిలే మనుషులు. మనకు అది పని కనిపించే దృశ్యం. బయటివాడికి అది దయ్యం. అతని భయాన్ని కోర్టు ఓపికగా విని అర్థం చేసుకుంది. ఆ ఆడవాళ్ల పనిని అర్థం చేసుకోవాల్సిన అవసరం ఆ కేసులో ఎవరికీ రాలేదు. కేసు పేరు కూడా చంపినవాడి పేరే. చనిపోయినామె ఉదాహరణలో ఒక పొరపాటుగా మిగిలింది.

ఇదే కొలతతో మనల్ని మనమూ చూసుకోవాలి. చేతబడి చేసిందని, బాణామతి చేసిందని ఒక ముసలమ్మను చంపిన వార్తలు మన ప్రాంతాల నుంచి కూడా వస్తుంటాయి. అది పిచ్చి కాదు. ఊరంతా నమ్మే నమ్మకం ఒక మనిషి మతి తప్పడం కిందికి రాదు. చంపినవాడికి తాను చంపుతున్నానని తెలుసు, చట్టం ఒప్పుకోదనీ తెలుసు. ‘మా సంస్కృతి, మావాళ్లకు తెలియదు’ అని ఎవరైనా వాదిస్తే అది మనకు సాయం కాదు. అది చచ్చినామెకు అన్యాయం, బతికినవాళ్లకు అవమానం. ఆ ముసలమ్మ కూడా ఆదివాసే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో మంచి మాట చెప్పింది. ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని అతని సామాజిక, ఆర్థిక స్థితిని బట్టి గాని, ఏదో ఒక జాతికో మతానికో సంస్కృతికో చెందినవాడని గాని నిర్ణయించకూడదు. తన సమాజపు విలువలకు, నమ్మకాలకు ఒదగడం లేదని కూడా నిర్ణయించకూడదు. ఈ ఒక్క నియమంలో మన వాదనంతా ఉంది. తెగ జబ్బు కాదు. జబ్బుపడ్డ తెగమనిషి జబ్బును తెగ ఖాతాలో వెయ్యకూడదు.

చెయ్యగలిగినవి

కోర్టులు మారేదాకా ఆగక్కర్లేదు. గూడెంలో మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, జబ్బును కాగితం మీదికి తేవాలి. ఎవరికైనా మతి చలించిన లక్షణాలు కనిపిస్తే వడ్డె దగ్గరకు వెళ్లొద్దని గొడవపడి ఇంటివాళ్లను దూరం చేసుకోకండి. అక్కడికి వెళ్లనివ్వండి, పీహెచ్‌సీకి కూడా తీసుకెళ్లండి. ఓపీ చీటీ పారెయ్యకుండా ఆధార్ కార్డు దాచిన సంచిలోనే దాచమని చెప్పండి. వైద్యం అందితే ఘోరం జరగకుండానే పోవచ్చు. అదే అసలైన లాభం. జరిగితే ఆ చీటీలు మాట్లాడతాయి.

రెండు, కాగితం లేకపోతే నోరు ఉండాలి. ఈ విషయంలో పొరుగువాళ్ల సాక్ష్యానికి విలువ ఉంది. ‘ఫలానా కోతల కాలం నుంచి ఇలా ఉన్నాడు, ఫలానా రాత్రి అడవిలోకి పారిపోతే వెతికి తెచ్చాం’ అని తేదీకి దగ్గరగా చెప్పగలిగితే అది సాక్ష్యమే. పోలీసులు వాంగ్మూలం తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పాలి. తర్వాత కోర్టులో మొదటిసారి చెబితే కల్పించారంటారు.

మూడు, లాయరు కావాలని అడగాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు రాయడం మన పదో తరగతి పిల్లలు చెయ్యగల పని. భాష తెలిసిన దుబాసీ కావాలని కూడా ఆ దరఖాస్తులోనే రాయండి.

నాలుగు, ఇది ఉపాధ్యాయులకు. గూడెంలో తేదీలతో రాసిపెట్టే అలవాటున్నది మనకే. బడి ప్రవేశ రిజిస్టరులోని పుట్టినతేదీని కోర్టులు వయసు రుజువుగా చూస్తాయి. హాజరు పట్టీలో ఒక పిల్లవాడు ఏ నెల నుంచి రావడం మానేశాడో ఉంటుంది. కారణం రాసే చోట ‘గైర్హాజరు’ అని వదిలెయ్యకుండా ‘మాట్లాడడం మానేశాడు, నిద్రపోవడం లేదని తల్లి చెప్పింది’ అని ఒక్క వాక్యం రాస్తే, అది ఆ పిల్లవాడి వైద్యానికి మొదటి మెట్టు కావచ్చు.

రచయితలకు ఒక మాట. కథల్లో పిచ్చివాణ్ణి నవ్వుకోవడానికో జోస్యం చెప్పించడానికో వాడడం మానేద్దాం. ‘అమాయక’ అన్న విశేషణాన్ని మన రాతల్లోంచి మనమే కొట్టేద్దాం. మనకు తెలుసు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ మనిషి మతి ఎప్పుడు చలించిందో మనకు తెలుసు. కోర్టుకు తెలియనిది అదే. మన పని దాన్ని కోర్టుకు అర్థమయ్యే భాషలో, సమయానికి, తేదీతో సహా చెప్పడం.